జీన్సు లేని జవాబు

జన్మలో ఒక్కసారైనా జీన్సు ప్యాంటు తొడగని నేను, ఆ వేసవంతా జీన్సు ప్యాంటంటే నాకు ప్రాణమని పొద్దూ మాపూ అప్పజెప్పాను. అదీ ఇంగ్లీషులో. అదీ మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీర నేస్తున్న మా నాయన చెవిన పడేట్టుగా. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వే ఓపిక ఎవరికుంది, నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా ఉంటే!

మాది ధర్మవరం. ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో అప్పటికి చాలా ఏళ్లుగా ఒకటో తరగతి పిల్లలకు చదువు చెబుతూ ఉన్నాను. నేను చదివింది తెలుగు మీడియం, చెప్పిందీ తెలుగు మీడియమే. ఆ ఏడాది బడి చేతులు మారింది. కొత్తగా తీసుకున్నవాళ్లు, వచ్చే జూన్ నుంచి ఒకటో తరగతి మొదలుకొని అంతా ఇంగ్లీషే అన్నారు. టీచర్లందరూ అనంతపురం పోయి ఇంగ్లీషు మాట్లాడే పరీక్షకు కూర్చోవాలట. పాసైనవాళ్లు క్లాసుకి, కానివాళ్లు ఇంటికి. ఈ మాట చెప్పేటప్పుడు మా పెద్ద సారు నా మొహం చూడలేక గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు మంచి టీచరువమ్మా. అది నాకు తెలుసు. వాళ్లకు తెల్దు గదా! ఎట్లన్నా గట్టెక్కు," అన్నాడు.

ఇంకో బడి చూసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. అన్నారు కూడా చాలామంది. ఇంకో బడిలో నా పిల్లలు ఉంటారా? ఒకటో తరగతికి వచ్చే పిల్లలు జూన్‌లో అమ్మ కొంగు వదలమని ఏడుస్తారు. వారం తిరిగేసరికి నా కొంగు పట్టుకుంటారు. నీళ్ల కుళాయి దగ్గరికి పోవాలన్నా, పక్క వీధిలో ఉన్న ఆటస్థలానికి పోవాలన్నా మొదటి పిల్ల నా కొంగు పట్టుకుంటుంది, దాని గౌను వెనకవాడు పట్టుకుంటాడు, అట్లా వరస కదులుతుంది. ఆ వరస ముందర నడవడం తప్ప ఈ ప్రపంచంలో నాకు బాగా వచ్చిన పని ఇంకోటి లేదు. పెళ్లి సంగతి అడక్కండి, ఆ కథ వేరు. నాకున్నది అమ్మా నాయనా, ఆ బడీ. అందుకే పెద్ద సారు మాట విన్నాక నాకు కోపం, ఏడుపు, రెండూ కలిసే వచ్చాయి. ముందు కోపమే వచ్చిందనుకోండి. నాకు అది ముక్కు మీదే ఉంటుంది.

ఊళ్లో ఒక జిరాక్సు అంగడి మిద్దె మీద ఇంగ్లీషు నేర్పే సారు ఉన్నాడు. ఆయన దగ్గర చేరాను. పరీక్షలో అడిగేవన్నీ మామూలు సంగతులేనన్నాడు. మీ ఊరేది, మీ ఇల్లెట్లుంటుంది, ఏం తింటారు, ఏం కట్టుకుంటారు. ఒక్కోదానికి ఒక్కో జవాబు రాయించి బట్టీ పట్టమన్నాడు. బట్టల జవాబు ఇదీ: నాకు సౌకర్యంగా ఉండే దుస్తులు ఇష్టం, రోజూ జీన్సూ టీషర్టూ వేసుకుంటాను, కొత్త ఫ్యాషన్లు గమనిస్తుంటాను, ఆదివారం స్నేహితులతో కలిసి మాల్‌కి వెళ్లి కొనుక్కుంటాను.

"సార్, నేను రోజూ చీరే గదా కట్టుకునేది?" అన్నాను.

"చీర అన్నావనుకో, కుచ్చిళ్లు, కొంగు, అంచు అన్నిటికీ ఇంగ్లీషు మాట కావల్ల. యాడ తెస్తావమ్మా? మధ్యలో మాట దొరక్క ఆగిపోతే మార్కులు పోతాయి. జీన్సయితే ఒక్క మాటతో సరి," అన్నాడు.

అందులో న్యాయం ఉంది. ఆయన్ని నేను ఇప్పటికీ తప్పు పట్టను. నలుగురిలో ఇంగ్లీషు మాట కోసం నోరు తెరవాలంటే చెమటలు పట్టే నన్ను, రోజూ లేపి నిలబెట్టి, తప్పొచ్చినా పోనీ మాట్లాడు మాట్లాడు అని నా నోరు విప్పించింది ఆయనే. ఆ రుణం నాకు గుర్తుంది.

ఇంట్లో పరీక్ష పెట్టేది మా అమ్మ. అమ్మకు చదువు రాదు. రాట్నం ముందు కూర్చుని, గాజులు మోచేతుల దాకా పైకి తోసుకుని, నాయన నేతకు కావలసిన కండెలకు పట్టు దారం చుడుతూ ఉండేది. ఒకవైపు చెయ్యి తిప్పుతూనే మేడమ్ అయిపోయేది.

"ఏమ్మే, దినామూ ఏం గుడ్డలు కట్టుకుంటావు నువ్వు?" అని తెలుగులో అడిగేది. నేను గడగడా ఇంగ్లీషులో అప్పజెప్పేదాన్ని. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివర్లో తల ఊపి, "బాగుండాది. ఇంత మాత్రానికి పరీచ్చ యాటికో!" అనేది.

నాయన మాత్రం ఊరుకునే రకం కాదు. ఒకరోజు మగ్గం గుంతలోంచే అడిగాడు.

"పాపా, దాంట్లో జీన్సు జీన్సు అని ఇనబడతాండాది, ఏమిటికి?"

"నేను జీన్సు ఏసుకుంటానని చెప్తాండా నాయనా."

"ఎప్పుడు ఏసుకున్యావు?"

"ఏసుకోలేదులే. ఊరికే చెప్పేది."

"అబద్ధం చెప్పి పాసైతావా నువ్వు?"

"నీకు తెల్దు, ఊరుకో నాయనా! ఆడ నిజం అడగరు, ఇంగ్లీషు అడుగుతారు," అని కసిరాను.

"అట్లనా! మంచిది తీ," అని పడుగు దారాల మధ్యకు నాడె విసిరాడు. మళ్లీ మగ్గం టకటకలాడింది. ఆ మాట అన్నందుకు ఆయన నా మీద అలగలేదు. కానీ నేను జీన్సు దగ్గరికి వచ్చినప్పుడల్లా గుంతలోంచి ఒక దగ్గు వినబడేది. కావాలనే దగ్గేవాడు, నాకు తెలుసు.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఆ తర్వాత జరిగింది మీకు పిచ్చితనంగా కనబడుతుంది. నేతవాళ్ల ఇళ్లలో గుడ్డను కళ్లతో చూసి ఊరుకోరు, వేళ్లతో చూస్తారు. ఎవరైనా చుట్టం గడపలోకి వస్తే నీళ్లిచ్చేలోపే మా అమ్మ చెయ్యి ఆమె కొంగు మీదికి పోతుంది. కొంగు అంచును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి రెండుసార్లు రుద్ది, అప్పుడు "బాగుండావా?" అని అడుగుతుంది. పెళ్లికి పోతే సరేసరి, అందరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని మాట్లాడుకుంటుంటారు. ఇందులో మర్యాద తక్కువేమీ లేదు, మాలో మాకు అది పలకరింపే.

బయటివాళ్లకు అది తెలియదు కదా! ఒకసారి మడకశిర బస్సులో, ముందు సీట్లో కూర్చున్న ఒకామె కొంగు వెనక్కి వేలాడుతుంటే, మా అమ్మ ఎంచక్కా పట్టుకుని రుద్దింది. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి కన్నడంలో "ఏనమ్మా?" అంది. నేను సిగ్గుతో సీటు కిందికి దూరిపోదామనుకున్నాను. మా అమ్మ ఏ జంకూ లేకుండా, "మంచి గుడ్డ తల్లీ, యాడ తెచ్చినారు?" అంది. అంతే! మడకశిర వచ్చేదాకా ఈమె తెలుగులో, ఆమె కన్నడంలో ఒకటే కబుర్లు. దిగేటప్పుడు ఆమె ఇచ్చిన సీతాఫలాలు రెండు ఇంటికి కూడా తెచ్చుకున్నాం. "నీ చేతుల్ని కాస్త అదుపులో పెట్టుకోమ్మా" అని ఆ రోజు అమ్మను తిట్టాను. నా చేతులు మాత్రం ఎవరి చేతులు?

పరీక్ష రోజు పట్టుచీర కట్టుకోమంది అమ్మ. లక్షణంగా పొమ్మంది. నేను వినలేదు, రోజూ బడికి కట్టుకునే ముదురు నీలం నూలు చీరే కట్టుకుని అనంతపురం బస్సెక్కాను.

ఒక కాలేజీ పై అంతస్తులో పరీక్ష. పేరు పిలిచారు, లోపలికి పోయాను. చిన్న గది, మధ్యలో బల్ల, బల్ల మీద మన మాటలు రికార్డు చేసే పెట్టె. అవతల ఒకామె కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, కళ్లద్దాలు, ఆకుపచ్చ చీర. పేరడిగింది, ఊరడిగింది. బట్టీ పట్టినవి బట్టీ పట్టినట్టు చెప్పాను. తర్వాత అడిగింది: "మామూలు రోజుల్లో మీకు ఎలాంటి దుస్తులు ఇష్టం?"

వచ్చింది రా దేవుడా! అనుకున్నాను. బస్టాండులో కండక్టరు ఊళ్ల పేర్లు అరిచినట్టు, ఊపిరి తీసుకోకుండా జీన్సు నుంచి మాల్ దాకా చెప్పేశాను.

ఆమె తలెత్తి నా నీలం చీరను ఒకసారి చూసింది. మెల్లగా ఇంకో ప్రశ్న వేసింది. "ఏ రంగు జీన్సు ఎక్కువ వేసుకుంటారు?"

ఇది కాగితంలో లేదు. "నీలం," అన్నాను.

"వాటిని ఉతకడం కష్టమా?"

నాకేం తెలుసమ్మా, ఉతకడం కష్టమో సులువో! నోట్లో తడి ఆరిపోయింది. ఇంగ్లీషే కాదు, తెలుగు కూడా రావడం మానేసింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, నా మౌనాన్ని కూడా అది రికార్డు చేస్తూనే ఉంది. ఆమెకు జాలేసిందేమో, ముందుకు వంగి మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. అట్లా వంగినప్పుడు ఆమె కొంగు భుజం మీదినుంచి జారి బల్ల మీద, సరిగ్గా నా చేతి పక్కన పడింది.

నేను గ్లాసు అందుకోలేదు. కొంగు అందుకున్నాను. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి రెండుసార్లు రుద్దాను. చేతిమగ్గం నూలు. చాలా ఏళ్లుగా ఉతికి కట్టుకుంటున్న చీర, మెత్తబడిపోయి చల్లగా ఉంది. "మంచి గుడ్డ" అని నోటి దాకా వచ్చింది. అప్పుడు తెలివొచ్చింది, నేను ఎక్కడున్నానో, ఎవరి కొంగు పట్టుకున్నానో!

కొంగు వదిలేసి "సారీ మేడమ్, సారీ మేడమ్" అంటూ ఉండిపోయాను. ఆమె కళ్లద్దాల మీదుగా చూసి, "ఎందుకలా పట్టుకున్నారు?" అని అడిగింది.

అయిపోయింది అనుకున్నాను. ఒకటో తరగతి గది, నా వరస, నీళ్ల కుళాయి అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నిండా మునిగినవాడికి చలేమిటి? పోయేది ఎట్లాగూ పోతోంది, ఉన్నది చెప్పి పోదాం అనుకున్నాను. నాయన దగ్గు కూడా వినబడినట్టయింది. నోరు తెరిచాను. నా ఇంగ్లీషు ఎన్ని వంకర్లు పోయిందో దేవుడికే తెలియాలి, చెప్పింది మాత్రం ఇది.

"మేడమ్, మాది నేతవాళ్ల ఇల్లు. మేము గుడ్డను వేళ్లతో చూస్తాం. చీర కనబడితే మా చెయ్యి ఆగదు. క్షమించండి. నేను జీన్సు వేసుకోను, ఎప్పుడూ వేసుకోలేదు. అది బట్టీ పట్టిన జవాబు."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని, "అయితే నిజంగా మీకేది ఇష్టం?" అంది.

అడిగింది కదా, ఇంక ఆగలేదు నేను. "ఒకటో తరగతికి చదువు చెబుతాను మేడమ్. నాకు ముదురు రంగు నూలు చీర ఇష్టం. ముదురు రంగు ఎందుకంటే, పిల్లలు సుద్ద చేతులు నా చీరకే తుడుస్తారు. ముక్కు కూడా తుడుస్తారు." ముక్కు తుడుచుకోవడానికి ఇంగ్లీషు మాట దొరకలేదు, చేసి చూపించాను. కొంగుకు మాట దొరకలేదు, నా కొంగే ఎత్తి "దిస్ వన్ మేడమ్" అన్నాను. "దీన్ని నేను పొడుగ్గా వదులుతాను. పిల్లలు పట్టుకుని నడవడానికి. పట్టుచీరయితే చిన్న చేతుల్లోంచి జారిపోతుంది. నూలయితే జారదు. మా అమ్మ రోజంతా పట్టు దారం చుడుతుంది, ఆమె కట్టుకునేది మాత్రం పాత నూలు చీర. నా చిన్నప్పుడు నేను పట్టుకున్న కొంగు అదే. అందుకని నాకు ఆ గుడ్డంటే ఇష్టం."

ఆమె నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "పిల్లలు రోజంతా కొంగు లాగుతుంటే చిరాకు రాదా?" అని అడిగింది.

"వస్తుంది మేడమ్. ఎవరూ లాగని రోజు ఇంకా ఎక్కువ వస్తుంది," అన్నాను. వేసవి సెలవులు మొదలైనప్పటినుంచి నాకున్న దిగులు అదే. అది ఇంగ్లీషులో బయటికి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

పెట్టె మీది ఎర్ర దీపం ఆరిపోయింది. పరీక్ష ఎట్లా చేశానో చెప్పే నియమం వాళ్లకు లేదు, ఆమె కూడా "థాంక్యూ" అని ఊరుకుంది. నేను తలుపు దాకా వెళ్లి వెనక్కి చూశాను. ఆమె తన కొంగును ఒళ్లోకి తీసుకుని, దాని అంచును రెండు వేళ్లతో ఒకసారి రుద్ది చూసుకుంటోంది.

ఇంటికి వచ్చేదాకా బస్సులో నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. పరాయి మనిషి కొంగు పట్టుకుంటావా, బుద్ధుందా నీకు! ఇంటికి రాగానే జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాయన ఏమడిగాడో తెలుసా? పాసవుతావా అని అడగలేదు.

"ఆయమ్మది ఏం గుడ్డ?" అన్నాడు.

"నూలు నాయనా. చేతిమగ్గందే. బాగా ఉతికిన గుడ్డ."

"అట్లయితే ఏం భయం లేదు పో. ఉతికి ఉతికి కట్టుకునే మనిషి కొరకదు," అన్నాడు. ఇదెక్కడి లెక్కో నాకు తెలియదు, ఆయన మాత్రం నిశ్చింతగా అన్నానికి కూర్చున్నాడు. నాకే ముద్ద దిగలేదు.

బడి తెరిచే ముందు ఒక మధ్యాహ్నం మా పెద్ద సారు ఎండలో స్కూటర్ వేసుకుని మా ఇంటికే వచ్చాడు. మెట్ల మీదే నిలబడి, "పాసైనావమ్మా! ఒకటో తరగతి నీదే!" అని వీధంతా వినబడేట్టు అరిచాడు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా! ఆ ఎండలో వచ్చిన మనిషికి మజ్జిగ ఇద్దామని లోపలికి పోయి, మజ్జిగ సంగతి మరిచిపోయి, వంటింట్లో నిలబడి ఏడ్చాను.

ఇది రాస్తున్న ఇవాళ కూడా నా కొంగు చివర సుద్ద మరక ఉంది. ఆ పరీక్ష పెట్టిన ఆమె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. మళ్లీ ఎన్నడూ చూడలేదు. నా కొంగు పట్టుకుని కుళాయి దాకా వరస కదిలినప్పుడల్లా ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను. జీన్సు జవాబు దగ్గరే గీత గీసి పంపించేయొచ్చు, ఎవరడుగుతారు? ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. మిద్దె మీది సారుకు ఒక దండం, ఎండలో వచ్చిన పెద్ద సారుకు ఒక దండం. ఈ వేళ్లిచ్చిన మా అమ్మకు ఎన్ని పెట్టినా చాలవు.

ఆ రోజు పెద్ద సారు వెళ్లిపోయాక నాయన మగ్గం ఆపాడు. మా ఇంట్లో పగటిపూట మగ్గం ఆగిందంటే ఏదో పండుగయినా కావాలి, ఎవరైనా పోయైనా ఉండాలి.

"ఆడ చెప్పిండేది చెప్పు మే, ఇందాం. అదే ఇంగ్లీషులో," అన్నాడు.

అమ్మ రాట్నం మీదినుంచి చెయ్యి తీసింది. నేను మగ్గం ముందర నిలబడి, 'నిజంగా మీకేది ఇష్టం' అన్నదానికి ఇచ్చిన జవాబు గుర్తున్నంతా చెప్పాను. ముక్కు తుడిచి చూపించాను, కొంగెత్తి చూపించాను. ఇద్దరూ కళ్లార్పకుండా విన్నారు. ఆయన తల కాస్త పక్కకు వంచి, దేనికోసమో చెవి రిక్కించి విన్నాడు.

"యాడా జీన్సు తగల్లేదే!" అన్నాడు చివరికి.

"లేదు నాయనా."

"మీయమ్మ ఉండాదా దాంట్లో?"

"ఉండాది నాయనా. అమ్మ చీర కూడా ఉండాది."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయన కాసేపు నాడెను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, తల ఎత్తకుండానే అడిగాడు.

"నేనుండానా?"

ఉండావు అంటే ఎవరికి తెలుస్తుంది? ఇంగ్లీషు ఆయనకు రాదు, అమ్మకూ రాదు. ఉండావు నాయనా అనేద్దామని నోరు తెరిచాను కూడా. ఆయన మొహం చూశాక ఆ మాట రాలేదు.

"లేవు నాయనా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కళ్ల చుట్టూ ముడతలన్నీ దగ్గరికి వచ్చేట్టు నవ్వాడు.

"ఇప్పుడు పాసైనావు పాపా," అని నాడె విసిరాడు.